పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేవాళ్లకు ఏ రైలు కావాలి?

సికింద్రాబాద్ నుంచి కాజీపేటకు 132 కిలోమీటర్లు. మధ్యలో చర్లపల్లి, ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి, వంగపల్లి, ఆలేరు, జనగామ, రఘునాథపల్లి, ఘన్‌పూర్. ఈ ఊళ్ల నుంచి ఉద్యోగానికో, కాలేజీకో, ఆస్పత్రి పనికో రోజూ హైదరాబాద్ వచ్చిపోయేవాళ్లు ఎందరో. సీజన్ పాస్ జేబులో పెట్టుకుని, పొద్దున ఒక బండిని, సాయంత్రం ఒక బండిని నమ్ముకున్న జనం. అదే పట్టాల మీద 2023 సంక్రాంతి నుంచి సికింద్రాబాద్–విశాఖ వందే భారత్ పోతోంది. ఢిల్లీ బండ్లు పోతాయి, గూడ్సులు పోతాయి. వీటన్నిటికీ దారిచ్చి, మిగిలిన సందులో పాసింజరు పోవాలి.

ఈ లైనుకు కొత్త రైళ్లు కొనమని మీ చేతికి డబ్బిస్తే ఏవి కొంటారు? ఎక్కువమంది చెప్పే జవాబు వందే భారత్ లాంటిది అనే. చూడ్డానికి బాగుంటుంది, ఏసీ ఉంటుంది, తలుపులు వాటంతటవే మూసుకుంటాయి. కోరుకోవడంలో తప్పేమీ లేదు. కానీ ఏ రైలు కొనాలన్నది ఆఖరున అడగాల్సిన ప్రశ్న. దానికంటే ముందు లైను ఎలాంటిది, బండి ఎన్నిచోట్ల ఆగాలి, గంటకు ఎన్ని బండ్లు నడపాలి, ప్లాట్‌ఫారాలు ఎంత పొడవు, ఎంత ఎత్తు అన్నవి తేలాలి. అవి తేలితే రైలు దాదాపు దానంతటదే తేలిపోతుంది. వాటిని వదిలేసి రైలు బొమ్మతో మొదలుపెడితే ఏమవుతుందో యూరప్‌లో రెండు దేశాలు ఈమధ్యే చూశాయి.

స్పెయిన్ ఉత్తరాన అస్టూరియాస్, కాంటాబ్రియా అనే కొండ ప్రాంతాల్లో మీటర్ గేజ్ లైన్లున్నాయి. సొరంగాలు చాలావరకు పాత కాలం నాటివి, ఒక్కోటి ఒక్కో సైజు. అక్కడి రైల్వే సంస్థ రెన్‌ఫే 2020లో ఈ లైన్ల కోసం 31 రైళ్లకు 25.8 కోట్ల యూరోల ఆర్డరిచ్చింది. డిజైన్ వేస్తుండగా తయారీ కంపెనీయే కొలతలు చూసి, టెండరులో రాసిన సైజు బండ్లు కొన్ని సొరంగాల్లో పట్టవని చెప్పింది. అప్పటికి ఒక్క పెట్టె కూడా తయారు కాలేదు కాబట్టి నష్టం తక్కువే. కానీ ఆ రైళ్ల కోసం చూస్తున్న జనానికి ఏళ్ల ఆలస్యం. విషయం బయటపడ్డాక 2023 ఫిబ్రవరిలో రెన్‌ఫే అధ్యక్షుడు, రవాణా శాఖ కార్యదర్శి ఇద్దరూ రాజీనామా చేశారు.

ఫ్రాన్స్‌లో 2014లో జరిగింది దీనికి తిరగేసిన కథ. రైళ్లు తయారయ్యాయి, ప్లాట్‌ఫారాలే అడ్డొచ్చాయి. ప్రాంతీయ సర్వీసుల కోసం ఆర్డరిచ్చిన కొత్త రైళ్లు పాతవాటికంటే కాస్త వెడల్పు. రైళ్లు నడిపే సంస్థ ఒకటి, పట్టాలు చూసే సంస్థ మరొకటి. పట్టాల సంస్థ ఇచ్చిన కొలతలు ఈమధ్య కాలంలో కట్టిన స్టేషన్లవి. ఇంకా పాత స్టేషన్లలో ప్లాట్‌ఫారం పట్టాలకు మరింత దగ్గరగా ఉంటుందన్న సంగతి లెక్కలోకి రాలేదు. సుమారు 1,300 ప్లాట్‌ఫారాల అంచులు చెక్కాల్సి వచ్చింది. ఖర్చు 5 కోట్ల యూరోలు.

మన దగ్గరా ఈ వెడల్పు సంగతి ఉంది. ముంబై లోకల్ పెట్టె 3.66 మీటర్ల వెడల్పు. మామూలు రైలు పెట్టె, మెమూ (విడిగా ఇంజను లేకుండా, కొన్ని పెట్టెలకే మోటార్లుండే కరెంటు పాసింజరు) పెట్టె సుమారు 3.25 మీటర్లు. ఆ 40 సెంటీమీటర్ల తేడా వల్ల లోకల్ పెట్టెలో ఎక్కువమంది పడతారు. కానీ దాన్ని దానికోసం సిద్ధం చేసిన లైన్ల మీదే తిప్పగలం. కాబట్టి ఎక్కడో బాగా నడుస్తున్న రైలును తెచ్చి ఇక్కడ పెట్టేద్దాం అనుకున్నప్పుడు మొదట తియ్యాల్సింది కొలత టేపు.

ఆగితే ఎంత పోతుంది?

రైలు ఎంపికలో అసలు కీలకం గరిష్ఠ వేగం అని చాలామంది అనుకుంటారు. గంటకు 130, 160 అని పేపర్లలో వచ్చే అంకె అదే. స్టేషన్ల మధ్య రెండు వందల కిలోమీటర్ల దూరం ఉన్నప్పుడు ఆ అంకెకు విలువుంది. ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్లకోసారి ఆగే బండికి విలువైనది వేరే ఉంది. ఆగిన బండి మళ్లీ వేగం అందుకోవడానికి ఎంతసేపు పడుతుందనేది.

లెక్క వేసి చూద్దాం. ఇంజను లాగే బండి ఆగిన చోటు నుంచి 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి రెండున్నర నిమిషాలు పడుతుందనుకోండి. ఆ రెండున్నర నిమిషాల్లో అది వెళ్లే దూరం, పూర్తి వేగంతో ఉంటే వెళ్లాల్సిన దూరంలో సగమే. అంటే ప్రతిసారీ 75 సెకన్లు పోయినట్టు. అదే వేగం 75 సెకన్లలో అందుకునే బండికి పోయేది 37 సెకన్లే. తేడా ముప్పావు నిమిషం కూడా లేదు కదా అనిపిస్తుంది. కాజీపేట దారిలో 15 చోట్ల ఆగే బండి అనుకుంటే ఈ ఒక్క కారణంగానే తొమ్మిది నిమిషాలు మిగులుతాయి. తలుపులు వెడల్పుగా ఉండి, ఎక్కేదిగే జనం ప్రతి స్టేషన్లో 20 సెకన్లు ముందే ముగిస్తే ఇంకో ఐదు నిమిషాలు. గరిష్ఠ వేగం అంగుళం పెంచకుండా, పట్టాలు మార్చకుండా దాదాపు పావుగంట ఆదా.

ఈ తేడా ఎక్కడి నుంచి వస్తుంది? ఇంజను ఎంత బలమైనదైనా దాని బలం చక్రం పట్టాను పట్టుకున్నంత వరకే. డబ్ల్యూఏపీ-7 ఇంజను 123 టన్నుల బరువు, ఆరు వేల హార్స్ పవర్ పైమాటే. దానికి 40 టన్నుల పెట్టెలు పదహారు తగిలిస్తే మొత్తం బండి బరువులో ఆరో వంతు మాత్రమే నడిపించే చక్రాల మీద ఉంటుంది. మిగతా బరువంతా ఊరికే లాగించుకునేదే. తడి చేలో ట్రాక్టరుకు పెద్ద ట్రక్కు కట్టినట్టు: ఇంజనుకు సత్తా ఉన్నా చక్రం జారుతుంది. మెమూలో అలా కాదు. నాలుగు పెట్టెలది ఒక యూనిట్, అందులో ఒకటి మోటారు పెట్టె. ఎనిమిది పెట్టెల బండిలో రెండు, పన్నెండు పెట్టెల బండిలో మూడు. బండి పొడవు పెరిగితే దాంతోపాటే లాగే శక్తీ పెరుగుతుంది. వందే భారత్‌లో సగం పెట్టెలకు మోటార్లుంటాయి. అందుకే 2022లో వచ్చిన దాని కొత్త రకం 52 సెకన్లలో 100 అందుకుంటుంది. ఆ రైలులో నన్ను నిజంగా ఆకట్టుకునేది ఈ గుణమే, ముక్కు ఆకారం కాదు. ఈ గుణం ఎక్కువగా పనికొచ్చేది మాటిమాటికీ ఆగే బండికి. మనం దాన్ని పెట్టింది తక్కువ ఆగే బండికి.

వేగం త్వరగా అందుకునే పాసింజరు వల్ల లాభం అందులో కూర్చున్నవాళ్లకే కాదు. వెనక వచ్చే సూపర్‌ఫాస్ట్‌కు అది అడ్డం పడే సమయం తగ్గుతుంది. పాసింజర్ను స్టేషన్లో పక్క పట్టా మీద, అంటే లూపు లైన్లో పెట్టి, వెనక బండిని ముందుకు పంపించి, ఆ తర్వాత సిగ్నల్ ఇచ్చేసరికి పావుగంట, ఇరవై నిమిషాలు పోవడం మన జనానికి బాగా తెలిసిన సంగతే. ముందు స్టేషన్ దాకా ఆ పాసింజరు త్వరగా చేరగలిగితే లూపులో పెట్టాల్సిన అవసరమే కొన్నిసార్లు తప్పుతుంది. రద్దీ లైన్ల మీద ఇది మూడో లైను వేసినంత లాభం ఇవ్వదు. కానీ మూడో లైను పూర్తయ్యేలోపు చేతిలో ఉన్న మార్గం ఇదొక్కటే.

కొసలు మార్చే పని

రైలు చివరి స్టేషన్‌కు చేరాక ఏం జరుగుతుందో ప్రయాణికులు సాధారణంగా చూడరు, దిగి వెళ్లిపోతారు. కానీ ఎన్ని రైళ్లు కొనాలన్నది చాలావరకు అక్కడే తేలుతుంది.

విశాఖపట్నంలో ఈ పని కళ్లారా చూడొచ్చు. విజయవాడ వైపు నుంచి వచ్చి విజయనగరం వైపు వెళ్లే బండి అక్కడ దిశ మారుతుంది. పాయింట్స్‌మన్ ఇంజనుకీ మొదటి పెట్టెకీ మధ్య పట్టాల మీదికి దిగుతాడు. బ్రేకు గాలి గొట్టాలు విడదీస్తాడు, కప్లింగ్ విప్పుతాడు. ఇంజను ముందుకు కదిలి, పక్క లైను ఖాళీ అయ్యేదాకా ఆగి, బండి పొడవునా నడిచి రెండో కొసకు వస్తుంది, లేదా అక్కడ వేరే ఇంజను సిద్ధంగా ఉంటుంది. మళ్లీ కప్లింగ్, మళ్లీ గొట్టాలు, గాలి పీడనం చివరి పెట్టె దాకా అందుతోందో లేదో బ్రేకు పరీక్ష. ఇంతమంది మనుషులు, ఇన్ని సిగ్నళ్లు, ఒక ఖాళీ లైను కావాలి. ఏ ఒక్కటి ఆలస్యమైనా బండి ఆలస్యం. మెమూకైతే లోకో పైలట్ తన క్యాబిన్ మూసి, బ్యాగు భుజాన వేసుకుని, ప్లాట్‌ఫారం మీద నడిచి రెండో కొసలో క్యాబిన్ తెరుస్తాడు. ఇంజను ఒక కొసలోనే ఉండి, ఒకవైపు లాగి రెండోవైపు నెట్టే పుష్‌పుల్ పద్ధతి వచ్చింది కూడా ఈ ఇంజను మార్పిడి తిప్పలు తప్పించడానికే. కాజీపేట దారిలో చాలామంది ఇప్పటికీ పాసింజర్ను 'పుష్‌పుల్' అనే పిలుస్తారు.

ఇప్పుడు రైళ్ల సంఖ్య. సికింద్రాబాద్–కాజీపేట మధ్య గంటకో బండి నడపాలనుకుందాం. ఇంజను లాగే బండికి ఒకవైపు రెండున్నర గంటలు, ప్రతి కొసలో అరగంట అనుకుంటే ఒక రేక్ (కలిపి నడిపే పెట్టెల వరస) వెళ్లి, వచ్చి, మళ్లీ బయల్దేరడానికి ఆరు గంటలు. కాబట్టి ఆరు రేక్‌లు కావాలి. మెమూకు రెండుంబావు గంటలు, కొసలో పావుగంట అనుకుంటే చుట్టు ఐదు గంటలు, ఐదు రేక్‌లు చాలు. అంతే సర్వీసు, ఒక రైలు తక్కువ. లేదా అదే ఆరు రేక్‌లతో రద్దీ వేళ అదనంగా ఇంకో బండి. పెట్టె ధర ఎంత అని మాత్రమే చూసి పోల్చేవాళ్లకు ఈ లాభం కనపడదు. ఒక్కో పెట్టెకు కాస్త ఎక్కువ పెట్టినా మొత్తం మీద తక్కువ అయ్యే సందర్భాలు ఇలా వస్తాయి.

ఈ ఐదుకో ఆరుకో స్పేర్ రేక్ కలపాలి. ఇక్కడే లెక్క తప్పుతుంది. బండ్లు షెడ్డుకు వెళ్తాయి, పెద్ద మరమ్మతుకు వర్క్‌షాపుకు వెళ్తాయి, ఎండాకాలం మోటారు కాలిపోతుంది. స్పేర్ లేకుండా వేసిన టైంటేబుల్ కాగితం మీద బాగుంటుంది. మొదటి రేక్ చెడిపోయిన రోజు 'సర్వీసు రద్దు' అని మెసేజ్ వస్తుంది. అలా నెలకు నాలుగైదుసార్లు జరిగితే పాస్ తీసుకున్న మనిషి బైకు కొనుక్కుంటాడు. పోయిన ప్రయాణికుణ్ని మళ్లీ తేవడం కష్టం. నన్నడిగితే ఒక హంగు తగ్గించుకునైనా ఒక స్పేర్ రేక్ ఎక్కువ కొనాలి.

గుమ్మం దగ్గర

ఇంజనీర్లు మోటారు దగ్గర మొదలుపెడతారు, నేను గుమ్మం దగ్గర మొదలుపెట్టమంటాను.

మన చిన్న స్టేషన్లలో చాలాచోట్ల ప్లాట్‌ఫారం తక్కువ ఎత్తులోనే ఉంటుంది. ఎత్తు ప్లాట్‌ఫారం అంటే పట్టాల మీది నుంచి 76 నుంచి 84 సెంటీమీటర్లు. పెట్టె నేల మీటరుకు పైనే ఉంటుంది. అంటే ఎత్తు ప్లాట్‌ఫారం ఉన్నచోట కూడా ఒక మెట్టు మిగులుతుంది. తక్కువ ఎత్తు ప్లాట్‌ఫారం ఉన్నచోట నిలువు నిచ్చెన లాంటి మూడు నాలుగు మెట్లు. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ ఒక చేత్తో రాడ్డు పట్టుకుని, మొదటి మెట్టు మీద కాలు పెట్టి, పైనున్నవాళ్లు రెండో చెయ్యి అందుకుంటే తప్ప ఎక్కలేదు. ఆమె వెనక కూరగాయల మూటతో ఒకరు, పిల్లను చంకనేసుకుని ఒకరు. ఆ ఒక్క గుమ్మం దగ్గర అర నిమిషం పోతుంది, బండి మొత్తానికి ఆ అర నిమిషం అంటుకుంటుంది. మెట్రోలో ఇంత జనం ఇరవై సెకన్లలో దిగి ఎక్కుతున్నారంటే నేలా ప్లాట్‌ఫారమూ ఒకే ఎత్తులో ఉండటమే అసలు కారణం. కాబట్టి రైలు బడ్జెట్లో ప్లాట్‌ఫారం ఎత్తు పెంచే పని కూడా రాయాలి. రెండూ వేర్వేరు శాఖల ఫైళ్లుగా నడిస్తే ఫ్రాన్స్‌లో జరిగిందే జరుగుతుంది.

పొడవు కూడా చూసుకోవాలి. పన్నెండు పెట్టెల మెమూ సుమారు పావు కిలోమీటరు. హాల్ట్ స్టేషన్లో ప్లాట్‌ఫారం అంత లేకపోతే చివరి పెట్టెలవాళ్లు కంకర మీదికి దూకాలి.

టాయిలెట్ సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ రైలు రకాన్నే అది మార్చేస్తుంది. 2003 ఆగస్టు 9న మొదలైన హైదరాబాద్ లోకల్ రైళ్లు, ఎంఎంటీఎస్ బండ్లలో టాయిలెట్లు లేవు. లింగంపల్లి నుంచి సికింద్రాబాద్‌కు అవసరం లేదు, ఆ చోటులో ఇంకొందరు నిలబడొచ్చు. పాత మెమూల్లోనూ చాలావాటికి ఉండేవి కావు, జనం గొడవ పెట్టాక కొత్తవాటిలో పెట్టారు. ఘట్‌కేసర్ నుంచి యాదాద్రి దాకా ఎంఎంటీఎస్ పొడిగించాలన్న ప్రతిపాదన ఏళ్లుగా ఉంది. సికింద్రాబాద్ నుంచి చూస్తే అది గంట దాటే ప్రయాణం, దానికి గుడికి వెళ్లే ముసలివాళ్లు, పిల్లలున్న తల్లులు ఎక్కుతారు. షుగరున్నవాళ్లకు టాయిలెట్ లేని గంటన్నర ఎంత టెన్షనో వాళ్లనడిగితే చెబుతారు. కాబట్టి ఎంఎంటీఎస్ పేరుతో నడిచినా ఆ దారికి కావాల్సింది మెమూ తరహా రైలు.

సీట్లా, నిలబడే చోటా అన్నదానికి ఒక్క జవాబు లేదు. జనగామ నుంచి వచ్చేవాడికి సీటు కావాలి, ఘట్‌కేసర్లో ఎక్కేవాడికి చోటు చాలు. ఇద్దరూ అదే బండిలో ఉంటారు. పెట్టె మధ్యలో సీట్లు దట్టంగా, గుమ్మాల దగ్గర ఖాళీగా ఉంచితే కొంతవరకు ఇద్దరికీ సరిపోతుంది.

కరెంటు తీగ కింద డీజిల్ ఎందుకు?

ఏ ఇంధనం అన్న ప్రశ్న ఒకప్పుడు పెద్దది. తీగ లేని లైన్లలో డెమూలు నడిపారు: ముందో వెనకో డీజిల్ పవర్ కారు, మధ్యలో పెట్టెలు. ఆ రోజుల్లో అది సరైన ఎంపికే. ఇప్పుడు దేశంలో బ్రాడ్ గేజ్ లైన్ల విద్యుదీకరణ దాదాపు పూర్తయింది, తెలుగు రాష్ట్రాల్లోనూ అంతే. తీగ వేసిన ఖర్చు ఎలాగూ అయిపోయింది. దాని కింద డీజిల్ పొగతో నడిచే బండికి ఇక కారణం లేదు. పైగా కొత్త (త్రీ ఫేజ్) మెమూలు బ్రేకు వేసినప్పుడు మోటార్లు జనరేటర్లుగా తిరిగి కరెంటును తీగలోకి వెనక్కి పంపుతాయి. ఈ పద్ధతికి ఎంత ఎక్కువసార్లు ఆగితే అంత లాభం.

హైడ్రోజన్ రైలు గురించి వార్తలు చాలా వస్తున్నాయి. హర్యానాలో జింద్–సోనీపత్ లైన్ కోసం డెమూను హైడ్రోజన్‌కు మార్చే ప్రయోగ ప్రాజెక్టు చేపట్టారు, అందులో హైదరాబాద్ కంపెనీ మేధా సర్వో డ్రైవ్స్ పనిచేసింది. ఇంజనీరింగ్ పరంగా మెచ్చుకోవాల్సిన పనే. కానీ జర్మనీ అనుభవం చూడాలి. 2018లో ప్రపంచంలో మొదటిసారి హైడ్రోజన్ ప్యాసింజరు రైలు నడిపిన లోయర్ సాక్సనీ రాష్ట్రం, 2023లో ఇకపై డీజిల్ బండ్ల స్థానంలో హైడ్రోజన్ కాకుండా బ్యాటరీ రైళ్లు, తీగ రైళ్లు కొంటామని ప్రకటించింది. నడిపే ఖర్చు తక్కువన్నదే కారణం. తీగ లేనిచోటే లెక్క అలా తేలితే, తీగ ఉన్న మనకు హైడ్రోజన్ ప్రాంతీయ రైలుకు జవాబు కాదు.

ఏసీ, టికెట్టు

ఇక్కడ నాలో నాకే కొంత పెనుగులాట ఉంది. మే నెలలో రామగుండం, కొత్తగూడెం వైపు ఎండ తెలిసినవాళ్లెవరూ ఏసీని విలాసం అనలేరు. ఇనుప పెట్టెలో, ఫ్యాను వేడిగాలి చిమ్ముతుంటే, రెండు గంటలు నిలబడటం ఆరోగ్యవంతుడికే కష్టం. మరోవైపు, 2024 సెప్టెంబరు 16న భుజ్–అహ్మదాబాద్ మధ్య మొదలైన ఏసీ ప్రాంతీయ రైలులో కనీస చార్జీ 30 రూపాయలు. మొదట వందే మెట్రో అన్నారు, ప్రారంభానికి కాస్త ముందు నమో భారత్ ర్యాపిడ్ రైల్ అని పేరు మార్చారు. మామూలు పాసింజరులో కనీస చార్జీ 10. ఈ ఇరవై రూపాయల తేడా ఎంతో మనవాళ్లకు అనుభవమే. కోవిడ్ తర్వాత పాసింజర్లను స్పెషళ్ల పేరుతో నడిపి కనీసం 30 వసూలు చేశారు, 2024 ఫిబ్రవరిలో గానీ మళ్లీ 10కి రాలేదు. రోజు కూలీ మీద బతికే మనిషి ఆ కాలంలో లెక్క చూసుకునే ప్రయాణం చేశాడు.

పైగా ఆ భుజ్ బండి సుమారు 360 కిలోమీటర్లను 5 గంటల 45 నిమిషాల్లో వెళ్తుంది. దూరం చూస్తే అది రోజువారీ ప్రయాణికుల బండి కాదు, పగటిపూట ఇంటర్‌సిటీ. మన దగ్గర విజయవాడ–విశాఖ లాంటి చోట అలాంటిది సరిపోతుంది. జనగామ, ఆలేరు వాళ్లకు అది జవాబు కాదు.

మధ్యే మార్గం ఒకటి ఇప్పుడు తెరుచుకుంటోంది. 2025 జూన్‌లో ముంబై దగ్గర ముంబ్రాలో కిక్కిరిసిన లోకళ్ల గుమ్మాల్లో వేలాడుతున్నవాళ్లు పడి చనిపోయాక, ఏసీ లేని లోకళ్లకు కూడా ఆటోమేటిక్ తలుపులు పెట్టాలని రైల్వే నిర్ణయించింది. తలుపు మూస్తే ఊపిరాడదు కాబట్టి తలుపులకు గాలి సందులు, పైకప్పు మీద బయటి గాలిని లోపలికి తోసే యంత్రాలు, పెట్టె నుంచి పెట్టెకు నడిచే దారి పెడతామంది. అది ముంబైలో నిలబడితే మన మెమూలకూ అదే డిజైన్ తేవచ్చు. టికెట్టు పెరగదు, గుమ్మంలో వేలాడే ప్రమాదం పోతుంది. ఏసీ పెట్టే పక్షంలో రేక్‌లో కొన్ని పెట్టెలకే పెట్టి, మిగతావి పది రూపాయలకు వదలడం నాకు న్యాయంగా తోస్తుంది.

మెమూ చేయలేని పనులు

అన్నిచోట్లా ఒకటే మందు పనికిరాదు. కొత్తవలస–కిరండూల్ లైను మీద అరకు ఎక్కే దారి ఎన్నో సొరంగాలతో, అరవైకి ఒకటి వాలుతో ఉంటుంది. అంటే అరవై మీటర్లు వెళ్తే ఒక మీటరు ఎక్కుతుంది. అక్కడ ఎక్కడం కంటే దిగడం ప్రమాదం. బలమైన ఇంజను, నమ్మకమైన బ్రేకులు, పర్యాటకులకు అద్దాల విస్టాడోమ్ పెట్టెలు. అది ఇంజను బండికే తగిన చోటు.

పండగలు, జాతరలు ఇంకో సంగతి. రెండేళ్లకోసారి మేడారం, 2027లో గోదావరి పుష్కరాలు. అలాంటప్పుడు పెట్టెలు కలపడం, తీయడం, వేరే జోన్ నుంచి రేక్ తెచ్చుకోవడం ఇంజను బండితో తేలిక. మెమూ నాలుగేసి పెట్టెల లెక్కలోనే పెరుగుతుంది. కాబట్టి ఉన్న పాత రేక్‌లన్నీ ఒకేసారి తుక్కుకు పంపకుండా కొన్ని దాచుకోవాలి.

చిన్న లైన్ల కథ వేరు. కాకినాడ–కోటిపల్లి మధ్య 45 కిలోమీటర్ల లైను 2004లో మళ్లీ వేశాక ఏళ్లపాటు అక్కడ ఒకే పెట్టె రైలుబస్సు నడిచింది. బొబ్బిలి–సాలూరు లైనులోనూ అలాంటిదే. జనం తక్కువ ఉన్నచోట ఎనిమిది పెట్టెల బండి నడిపితే డబ్బు దండగ, కాబట్టి రైలుబస్సు ఆలోచన సరైనదే. ఇబ్బంది ఏమిటంటే అది మిగతా ఏ బండితోనూ కలవదు. విడిభాగాలు వేరు, బాగుచేసే మనిషి వేరు. ఉన్న ఒక్కటీ షెడ్డుకు వెళ్తే ఆ రోజు సర్వీసు లేనట్టే. అలాంటి లైనుకు నాలుగు పెట్టెల మెమూ, రోజుకు ఎక్కువసార్లు, పెద్ద స్టేషన్ దాకా పొడిగించి నడిపితే మేలని నా అభిప్రాయం. కోటిపల్లి నుంచి బయల్దేరిన బండి కాకినాడలో ఆగిపోకుండా సామర్లకోట మీదుగా రాజమండ్రి దాకా వెళ్తే ఎక్కేవాళ్లు వాళ్లంతటవాళ్లే పెరుగుతారు. రాజమండ్రిలో మెమూ షెడ్డు ఉంది కాబట్టి మరమ్మతుకూ దారి దగ్గర.

ఢిల్లీ–మీరట్ వేగవంతమైన ప్రాంతీయ రైలు మార్గం గురించీ చెప్పాలి, ఎందుకంటే 'మాకూ అది కావాలి' అన్న మాట ఇప్పుడు ఎక్కువ వినిపిస్తోంది. 82 కిలోమీటర్లు, గంటకు 160, మొదటి ముక్క 2023 అక్టోబరు 20న తెరిచారు. రైళ్లు గుజరాత్‌లోని సావ్లీలో తయారయ్యాయి, బాగుంటాయి. అయితే ఆ మార్గం పట్టాలు దానికే సొంతం, గూడ్సు లేదు, సూపర్‌ఫాస్ట్ లేదు. ప్లాట్‌ఫారాలూ దానికోసమే కట్టినవి. మొత్తం ఖర్చు 30 వేల కోట్ల పైమాట. ఆ రైలొక్కటే తెచ్చి కాజీపేట దారిలో పెడితే ఆ వేగం రాదు.

ఆర్డరు కాగితంలో రాయాల్సినవి

రైలు ఆయుష్షు పాతికేళ్లు. కొనేటప్పటి ధర కంటే ఆ పాతికేళ్లు దాన్ని చూసుకునే ఖర్చు పెద్దది. ఢిల్లీ–మీరట్ ఒప్పందంలో రైళ్లు తయారుచేసిన కంపెనీకే నిర్వహణ కూడా అప్పగించారు. తయారీదారే తర్వాత బాగుచేయాల్సి వస్తే మొదట్లోనే నాణ్యత చూసుకుంటాడు. ఆ షరతు మెమూలకూ పెట్టొచ్చు.

రైళ్లు ఢీకొనకుండా తనంతట తానే బ్రేకు వేసే కవచ్ వ్యవస్థను మర్చిపోకూడదు. 2022 మార్చి 4న గుల్లగూడ–చిట్‌గిద్ద మధ్య రైల్వే మంత్రి సమక్షంలో దాన్ని పరీక్షించింది మన దక్షిణ మధ్య రైల్వేలోనే. పట్టాల పక్కన పరికరం ఉన్నా బండిలో లేకపోతే అది పనిచేయదు. ప్రతి రేక్‌లో రెండు కొసల క్యాబిన్లలోనూ ఉండాలి. ఫ్యాక్టరీలో పెట్టేస్తే తేలిక. ఐదేళ్ల తర్వాత ఒక్కో రేక్‌ను సర్వీసు నుంచి తీసి పెట్టాలంటే మళ్లీ స్పేర్ల కొరత.

అన్నిటికంటే నేను పట్టుబట్టేది ఒకే రకం రైలు మీద. మౌలాలి షెడ్డులో ఒక రకం, రాజమండ్రిలో ఇంకో రకం, వేర్వేరు కంపెనీల మోటార్లు, ఒకదాని భాగం ఇంకోదానికి పట్టనివి అయితే చెడిపోయిన బండి భాగం కోసం వారాలు ఆగుతుంది. కాజీపేటలో 2023 జులై 8న శంకుస్థాపన జరిగిన రైల్వే ఫ్యాక్టరీని మొదట వ్యాగన్ల కోసం అనుకున్నారు, తర్వాత పెట్టెలు కూడా తయారయ్యేలా విస్తరించారు. శంకరపల్లి దగ్గర కొండకల్‌లో మేధా వాళ్ల పెట్టెల ఫ్యాక్టరీ అదే ఏడాది జూన్‌లో తెరిచారు. మోటారు నడిపే ఎలక్ట్రానిక్స్ హైదరాబాద్‌లోనే తయారవుతాయి. తయారీ, మరమ్మతు, నడిపే లైను అన్నీ రెండు వందల కిలోమీటర్ల లోపు ఉండే అవకాశం దేశంలో చాలా తక్కువచోట్ల ఉంది. అడగాల్సింది ఇది: ఒకే డిజైన్, ఎనిమిది, పన్నెండు పెట్టెల్లో దొరికే త్రీ ఫేజ్ మెమూ, వెడల్పాటి మూసుకునే తలుపులు, టాయిలెట్లు, రెండు కొసల్లో కవచ్, ప్రతి ఐదారు రేక్‌లకు ఒక స్పేర్. దాంతోపాటే సికింద్రాబాద్–కాజీపేట మధ్య ప్రతి హాల్ట్‌లోనూ ప్లాట్‌ఫారం ఎత్తు, పొడవు కొలిచిన పట్టిక, ఏది ఏ తేదీలోపు పెంచుతారో రాసి ఉన్నది.